ఆకాశవాణి, దూరదర్శన్ ఖర్చు ఎవరు భరించాలి? ప్రకటనలు, చందాలు, బడ్జెట్, లైసెన్సు: ఏది మేలు?

మా ఇంటి అటక మీది ట్రంకు పెట్టెలో తాతగారి రేడియో లైసెన్సు పుస్తకం ఇప్పటికీ ఉంది. అరచేతిలో ఇమిడేంత పుస్తకం. లోపల ఏడాదికొక స్టాంపు, ప్రతి స్టాంపు మీదా పోస్టాఫీసు నల్లముద్ర. కొన్నిచోట్ల సిరా పక్క పేజీకి కూడా అంటుకుంది. ఇంట్లో రేడియో ఉంచుకోవడానికి ఏటా 15 రూపాయలు కట్టి ఆయన ఆ స్టాంపులు వేయించుకునేవారు. 1980ల మధ్యలో ప్రభుత్వం ఈ లైసెన్సును ఎత్తివేసినప్పుడు బాధపడినవారు మా ఊళ్లో ఎవరూ లేరు.

ఇప్పుడు ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతికి కేంద్ర బడ్జెట్ నుంచి ఏటా రెండు వేల కోట్ల రూపాయలకు పైగా వెళ్తోంది. 140 కోట్ల మందికి పంచి చూస్తే తలకు పదిహేను, ఇరవై రూపాయల మధ్య పడుతుంది. ఇన్ని ఛానళ్లు, ఇన్ని ఫోన్లు ఉన్న కాలంలో ఈ ఖర్చు దండగ కాదా అని అడిగేవారు పెరుగుతున్నారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రభుత్వం డబ్బు ఇవ్వాలి, ఇప్పటికంటే ఎక్కువే ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో తేల్చే అధికారం మాత్రం ఏ మంత్రి చేతిలోనూ ఉండకూడదు.

దండగ అనేవారు చూపించే దారి ప్రకటనలు. తెలుగులో ప్రైవేటు టీవీ ప్రభుత్వ సొమ్ము లేకుండానే 1995 నుంచి పెరిగింది, వినోదంలో దూరదర్శన్‌ను ఏనాడో దాటిపోయింది. అందులో సందేహం లేదు. కానీ ప్రకటన ఇచ్చేవాడు కొనేది కొనుగోలు శక్తి ఉన్న ప్రేక్షకుడిని. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి భాషలో కార్యక్రమాలు ఇస్తోంది. ఆ శ్రోతల కోసం సబ్బు కంపెనీ అరనిమిషం కూడా కొనదు. కౌలు రైతుకు తెల్లవారుజామున తెగులు మందు మోతాదు చెప్పే కార్యక్రమాన్ని మందుల కంపెనీ డబ్బుతో నడిపితే, ఆ మోతాదు ఎటు పెరుగుతుందో ఊహించడం కష్టం కాదు. తంజావూరు ప్రాంతంలో 1960లలో ఏడీటీ-27 అనే వరి వంగడాన్ని రైతులు 'రేడియో వరి' అని పిలుచుకున్నారు. దాని గురించి వారు విన్నది రేడియోలో గనుక. ఒక విత్తనానికి అలా ముద్దుపేరు పెట్టుకున్నారంటే ఆ గొంతును ఎంతగా నమ్మి ఉంటారు! అమ్ముకునేవాడి గొంతుకు ఆ నమ్మకం దక్కదు.

ఇక వార్తలు. ఏ తెలుగు ఛానల్ ఏ పార్టీ వైపు మొగ్గుతుందో మన ఇళ్లలో పిల్లలు కూడా చెప్పగలరు. ఒకే సంఘటన రాత్రి తొమ్మిదింటికి ఒక ఛానల్‌లో ఘన విజయం, పక్క ఛానల్‌లో ఘోర వైఫల్యం. ప్రకటనల మార్కెట్ మనకు ఛానళ్ల సంఖ్యను ఇచ్చింది, అన్ని పార్టీలవారూ నమ్మి వినే ఒక్క వార్తను ఇవ్వలేకపోయింది.

రెండో దారి అమెరికాది. అక్కడ శ్రోతలే చందాలు ఇస్తారు, దాతలు తోడవుతారు, కేంద్ర ప్రభుత్వం కొంత కలిపేది. 1967 చట్టంతో ఏర్పడిన పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ద్వారా కేంద్ర ప్రభుత్వ సొమ్ము ఊరూరి స్టేషన్లకు చేరేది. అది తలకు ఏడాదికి రెండు డాలర్లు కూడా కాదు. 2025 జులైలో అమెరికన్ కాంగ్రెస్ రెండేళ్లకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. ఆగస్టులో కార్పొరేషన్ తన మూసివేతను ప్రకటించింది. ఈ దెబ్బ అందరికీ ఒకేలా తగలలేదు. పెద్ద నగరాల స్టేషన్లకు సంపన్న శ్రోతల చందాలు ఉన్నాయి. అలాస్కాలోని బెథెల్ పట్టణంలో కేవైయూకే అనే స్టేషన్ ఉంది. స్థానిక తెగవారి యూపిక్ భాషలోనూ ప్రసారాలు చేస్తుంది. దాని ఆదాయంలో దాదాపు 70 శాతం ఆ కార్పొరేషన్ నుంచే వచ్చేది. సెప్టెంబరు ఆఖరుతో ఆ సొమ్ము ఆగింది. అక్టోబరు రెండో వారంలో హలాంగ్ తుపాను అవశేషం ఆ తీరం మీద విరుచుకుపడి కిప్నుక్, క్విగిలింగాక్ గ్రామాల ఇళ్లను పునాదుల మీంచి లేపుకుపోయింది. ఆ గ్రామాలవారికి కబురు చెప్పే గొంతు, రెండు వారాల కిందట ఆదాయంలో పెద్ద భాగం కోల్పోయిన ఆ రేడియోనే.

తుపాను తీరంలో పుట్టినవాడిని గనుక ఇది చదివినప్పుడు నా మనసు అక్కడే ఆగిపోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖలో కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అలాంటప్పుడు రెండు సెల్లులతో నడిచే ట్రాన్సిస్టర్ ఎంత విలువైనదో చెప్పాల్సిన పని లేదు. చందా దారిలో గట్టిగా వినిపించేది చందా ఇవ్వగల ఊరి గొంతే. పేద ఊరికి అది సరిపోదు.

మూడోది మన దారి, నేరుగా బడ్జెట్. దీని మేలు సులభంగా కనిపిస్తుంది. పేదవాడి జేబు నుంచి విడిగా ఏమీ అడగదు, డీడీ ఫ్రీ డిష్ నెల చందా లేకుండా నాలుగు కోట్లకు పైగా ఇళ్లకు చేరింది. కీడు కూడా అంతే సులభంగా కనిపిస్తుంది. ఎమర్జెన్సీలో, 1976లో, కిశోర్ కుమార్ ప్రభుత్వ ప్రచారానికి పాడనన్నందుకు ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఆయన పాట ఆగిపోయింది. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ మరణవార్తను బీబీసీ మధ్యాహ్నానికే చెప్పింది, మన ఆకాశవాణి సాయంత్రం దాకా నోరు విప్పలేదు. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్‌గాంధీ కూడా ట్రాన్సిస్టర్‌లో బీబీసీనే పట్టుకున్నారు. 2017లో త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగాన్ని, మాటలు మారిస్తే తప్ప ప్రసారం చేయలేమని ప్రసార భారతి తిప్పి పంపింది. పార్టీలు మారాయి, పద్ధతి మారలేదు.

ఇక్కడ తాతగారి పుస్తకం నన్ను మళ్లీ ఆపుతుంది. 1976లోనూ ఆయన 15 రూపాయలు కట్టారు, స్టాంపు ఉంది. శ్రోత నేరుగా డబ్బు కట్టినంత మాత్రాన రేడియో శ్రోతది కాలేదు. అది ప్రభుత్వ శాఖగానే నడిచింది, మంత్రి ఆజ్ఞే చెల్లింది. పాత లైసెన్సును తిరిగి తెస్తే చాలనేవారు ఈ సంగతి మరవకూడదు.

నాలుగో దారిలో బ్రిటన్, జర్మనీ ఉన్నాయి. రెండూ ఇంటింటి రుసుముతోనే నడుస్తాయి, తేడా మాత్రం చాలా ఉంది. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లకు చేరింది, మన లెక్కలో ఇంటికి సుమారు ఇరవై వేల రూపాయలు. బీబీసీ ఏం చెప్పాలో ప్రభుత్వం చెప్పదు. రుసుము ఎంతో తేల్చేది మాత్రం ప్రభుత్వమే. 2022 నుంచి రెండేళ్లు దానిని 159 పౌండ్ల దగ్గర కట్టివేసింది, ధరలు పెరుగుతుంటే బీబీసీ కార్యక్రమాలు తగ్గించుకోవాల్సి వచ్చింది. మనకూ ఇందులో ఒక ముడి ఉంది. 2017 అక్టోబరు 2న మొదలైన బీబీసీ తెలుగు, బ్రిటిష్ ప్రభుత్వం బీబీసీ విదేశీ ప్రసారాల విభాగమైన వరల్డ్ సర్వీస్ విస్తరణకు ప్రత్యేకంగా ఇచ్చిన నిధులతో పుట్టింది. తెలుగు వార్తకు లండన్ ఖజానా డబ్బు పెట్టడం మేలని అక్కడివారికి తోచింది!

జర్మనీలో ఇంటికి నెలకు 18.36 యూరోలు. ఎంత కావాలో ముందు ప్రసార సంస్థలు అడుగుతాయి. కేఈఎఫ్ అనే స్వతంత్ర నిపుణుల సంఘం లెక్కలు చూసి మొత్తం సూచిస్తుంది. ఆ తర్వాత రాష్ట్రాలన్నీ ఒప్పుకోవాలి. 2020 డిసెంబరులో సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్రం అడ్డం తిరిగితే, 2021లో రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకుని పెంపును అమలు చేయించింది. ప్రసార స్వేచ్ఛకు తగిన డబ్బు ఇవ్వడం రాజ్యం బాధ్యత అన్నది ఆ తీర్పు సారం. అక్కడా అంతా సజావుగా లేదు. 2025 నుంచి 18.94 యూరోలు చేయాలన్న సూచనను రాష్ట్రాలు అమలు చేయలేదు. అయినా నాకు ఈ పద్ధతే అన్నిటికన్నా నచ్చింది. నాయకుడికి కోపం వస్తే ఒక్క రాత్రిలో సొమ్ము ఆపే వీలు అక్కడ లేదు, ఆపాలంటే అందరి ముందు కారణం చెప్పాలి, కోర్టు మెట్లెక్కాలి.

మన దేశంలో ఇంటింటి రుసుము కుదరదు. కూలి ఇల్లూ మేడ ఇల్లూ ఒకే మొత్తం కట్టడం న్యాయం కాదు. కానీ జర్మన్ సంఘంలాంటిది మనకు కొత్తేమీ కాదు. రాజ్యాంగం 280వ అధికరణం కింద ఐదేళ్లకొకసారి ఆర్థిక సంఘం వేసి కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేలుస్తున్నాం. ప్రసారాలకూ అలాంటి సంఘం ఉండాలి. అది సూచించిన మొత్తం ఐదేళ్లపాటు కదలకుండా చట్టంలో ఉండాలి. తలకు ఏడాదికి 50 రూపాయలు వేసినా ఏడు వేల కోట్లు అవుతుంది, ఈ దేశానికి మోయలేని బరువు కాదు. 1990 నాటి ప్రసార భారతి చట్టం స్వయంప్రతిపత్తి అన్న మాట ఇచ్చింది. 1997లో అది అమల్లోకి వచ్చినప్పుడు ప్రధాని ఐ.కె.గుజ్రాల్, ఎమర్జెన్సీ తొలి రోజుల్లో సమాచార శాఖ పోగొట్టుకున్న మనిషి. 1997లో ఆ శాఖ మన పాలమూరు జైపాల్‌రెడ్డి చేతిలో ఉంది. మాట దక్కింది. జీతాల పద్దు మాత్రం ప్రభుత్వం దగ్గరే మిగిలిపోయింది.

డబ్బుతో పాటు గాలి తరంగాల మాట కూడా తేలాలి. అవి ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో యునెస్కో సాయంతో స్టూడియో 1990ల చివరికే సిద్ధమైంది. అక్కడి దళిత మహిళలు ప్రసారం చేయడానికి అనుమతి లేక, తమ విత్తనాల ముచ్చట్లు, పాటలు క్యాసెట్లలో నింపి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. ఆ మహిళల సంగం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబరు 15న. పైసా అడగనివారినే పదేళ్లు వాకిట్లో నిలబెట్టాం. ప్రైవేటు ఎఫ్ఎం ఈనాటికీ సొంత వార్త చదవకూడదు, కావాలంటే ఆకాశవాణి వార్తనే ఉన్నదున్నట్టు వినిపించవచ్చు. పోటీలో మరో గొంతు లేనప్పుడు ఆకాశవాణి వార్త ఎంత నిజాయతీగా ఉందో శ్రోత తూచి చూసేది దేనితో?

ప్రసారాల సంఘం ఏర్పడి మొదటి నివేదిక వస్తే నేను ఢిల్లీ లెక్కలు తర్వాత చూస్తాను. ముందుగా విజయవాడ, కడప, విశాఖ, హైదరాబాద్, ఆదిలాబాద్ కేంద్రాల పేజీలు తిప్పుతాను. ఖాళీ పోస్టులు ఎన్ని నింపారు, డ్యూటీకింత అని తీసుకునే క్యాజువల్ అనౌన్సర్లలో ఎందరికి నెల జీతం ఖాయమైంది, గోండి కార్యక్రమానికి వారంలో ఎన్ని గంటలు ఇచ్చారు అని.