బాస్ డీబీ-90 క్లిక్ పెట్టె: కోనసీమ ఆర్కెస్ట్రాలో రెండు సీజన్ల వాడకం

పెళ్లి రిసెప్షన్లు, శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి, దసరా ఉత్సవాల చుట్టూ తిరిగే ఒక ఆర్కెస్ట్రాలో నేను డ్రమ్స్ వాయిస్తాను. మా మకాం అమలాపురమే అయినా రావులపాలెం మీదుగా తణుకు, భీమవరం వైపు, అప్పుడప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు కూడా కార్యక్రమాలు చేస్తుంటాము. రెండు సీజన్లుగా నా హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) పక్కన స్టాండుకు బిగించుకొని వాడుతున్న బాస్ డీబీ-90 మెట్రోనోమ్ (పెట్టిన వేగంలో టిక్కుటిక్కుమని లయ చూపే పెట్టె) గురించి, అంతకంటే ముఖ్యంగా వేదిక మీద ఆ టిక్కు శబ్దాన్ని, అంటే క్లిక్‌ను, ఎప్పుడు వినాలి, ఎప్పుడు వినకూడదు అనే విషయం గురించి, కొనే ఆలోచనలో ఉన్న తోటి వాద్యకారుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ ఉండగా ప్రత్యేకంగా ఒక పెట్టె ఎందుకని మా వాళ్లందరూ అడిగారు. నేనూ మొదట ఫోన్‌తోనే మొదలుపెట్టాను. ఒక రిసెప్షన్‌లో రెండో చరణం నడుస్తుండగా పెళ్లిపెద్ద ఫోను చేశారు. భోజనాలు ఎప్పుడు వడ్డించమంటారని అడగడానికట. చెవిలో క్లిక్ ఆగిపోయి రింగు మోగేసరికి నా చెయ్యి ఒక క్షణం తడబడింది, దానితో పాటే పాట కూడా. అంతకు ముందు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడి చూశాను. వాటిలో శబ్దం చెవికి చేరేసరికి సాధారణంగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆలస్యమవుతుంది. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటలో ఒక బీటు నిడివే 500 మిల్లీసెకన్లు కాబట్టి, కీబోర్డు వాయించేవారు వైరుతో, నేను బ్లూటూత్‌తో అదే క్లిక్ వింటే ఇద్దరమూ రెండు వేర్వేరు పాటలు వాయించినట్టే అవుతుంది. క్లిక్ వినేవారందరికీ వైరు ఇయర్‌ఫోన్లే ఉండాలన్నది నేను నష్టపోయి నేర్చుకున్న మొదటి నియమం.

ఇక పెట్టె సంగతి. వేగం 30 నుంచి 250 బీపీఎం వరకు పెట్టుకోవచ్చు. యాభై మెమరీలు ఉన్నాయి, కాబట్టి ఒక రాత్రి కార్యక్రమానికి కావలసిన పాటల వేగాలన్నీ వరుసగా దాచుకోవచ్చు. క్లిక్ శబ్దాల్లో మనిషి గొంతుతో అంకెలు లెక్కపెట్టేది కూడా ఉంది. అది సాధనలో పిల్లలకు పనికివస్తుంది కానీ వేదిక మీద గాయకుడి మాటలతో కలిసిపోయి గందరగోళం చేస్తుంది. నిజంగా డబ్బు పెట్టదగినవి దీని ముందు వైపున ఉన్న స్లైడర్లు. క్వార్టర్ (ఒక బీటు), ఎయిత్ (అందులో సగం), సిక్స్‌టీంత్ (పావు), ట్రిప్లెట్ (మూడో వంతు) నోట్లకు విడివిడిగా శబ్దం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. క్లిక్‌తో వాయించడం రాదని చెప్పేవారిలో చాలామందికి అసలు ఇబ్బంది లయలో ఉండదు, తమకు కావలసిన సాంద్రతలో క్లిక్ వినకపోవడంలోనే ఉంటుంది.

ఉదాహరణకు 70 బీపీఎంలో నడిచే ఒక నెమ్మది పాట తీసుకోండి. రెండు క్లిక్‌ల మధ్య సుమారు 857 మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో చెయ్యి తెలియకుండానే ముందుకు జరుగుతుంది. క్లిక్ వినపడగానే దిద్దుకోవడానికి వెనక్కి లాగుతాము. ఆ లాగుడు వినేవారికి తెలిసిపోతుంది. అలాంటి పాటకు ఎయిత్ నోట్ స్లైడరును కాస్త పైకి జరిపి, చెవికి లీలగా అందేటట్టు పెట్టుకుంటే ఖాళీ సగమవుతుంది. 150 బీపీఎం హుషారు పాటకు దీనికి పూర్తిగా విరుద్ధంగా చెయ్యాలి. ప్రతి బీటూ చెవిలో పొడుస్తుంటే ఒళ్లు బిగుసుకుపోతుంది కనుక వేగాన్ని 75కు పెట్టుకొని, రెండు బీట్లకొక క్లిక్ మాత్రమే వింటాను. డప్పు మీద నడిచే మన జానపద బాణీల్లో, సిక్స్-ఎయిట్ (మూడేసి దెబ్బల రెండు పెద్ద బీట్లు) నడకలో, ఆరు దెబ్బలూ వింటే ఎక్కడ సమమో, అంటే తాళం ఎక్కడ మొదలవుతుందో, అర్థం కాదు. రెండు పెద్ద బీట్లు గట్టిగా, ట్రిప్లెట్ స్లైడరు బాగా కిందికి: ఈ అమరికకు నేను స్లైడరు పక్కన పెన్నుతో గీత గీసుకున్నాను. మిశ్ర చాపు పాటలకు మాత్రం బీటును ఏడుగా పెట్టి, మొదటి దానికి ఒత్తు ఇస్తే చాలు.

ఇంతకంటే పెద్ద విషయం వేగం ఎవరు నిర్ణయించాలన్నది. మొదటి నెలలో నేను అందరూ చేసే తప్పే చేశాను. సినిమా రికార్డింగు వింటూ, పెట్టె మీది ట్యాప్ మీటను పాట బీటుకు తగ్గట్టు నొక్కి, అది చూపిన వేగం అంకెను మెమరీలో దాచాను. వేదిక ఎక్కాక మా గాయనిగారు ప్రతి చరణంలోనూ ఊపిరి అందక చివరి మాటలు మింగేస్తున్నారు. రికార్డింగు థియేటరులో ఒక్కో వాక్యం విడిగా పాడి అతికించుకొనే వీలుంది. ఆరుబయట పందిట్లో, రాత్రి పదకొండింటికి, ఇరవయ్యో పాట పాడుతున్న మనిషికి ఆ వీలు లేదు. తరువాత పద్ధతి మార్చాము. సాధనలో క్లిక్ లేకుండా గాయని, ఢోలక్ మాస్టారు మాత్రమే పాట మొత్తం నడిపిస్తారు. పల్లవి దగ్గర ఒకసారి, చివరి చరణం దగ్గర ఒకసారి నేను ట్యాప్ చేసి చూస్తాను. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే వాటి మధ్య అంకె మెమరీలోకి వెళుతుంది. రికార్డింగులో 96 ఉన్న ఒక పాట మా దగ్గర 92 అయింది. ఆ నాలుగు అంకెల తేడాలోనే ఆవిడ ఊపిరి ఉంది. రెండు అంకెలూ బాగా దూరంగా ఉంటే ఆ పాట సహజంగానే సాగి ముడుచుకొనే పాట అన్నమాట. దానికి క్లిక్ అసలు పెట్టము.

క్లిక్ ఎవరికి వినిపించాలన్న దాని మీద కూడా ఒక మాట. నాకు, కీబోర్డు వాయించేవారికి మాత్రమే వైరు వెళుతుంది. మా వేదిక కొన్నిసార్లు నలభై అడుగుల వెడల్పు ఉంటుంది. ఆ చివరి నుంచి ఈ చివరికి శబ్దం రావడానికే దాదాపు 35 మిల్లీసెకన్లు పడుతుంది. 120 బీపీఎంలో ఒక సిక్స్‌టీంత్ నోట్ 125 మిల్లీసెకన్లు కాబట్టి ఇది అందులో నాలుగో వంతుకు పైనే. ఎదుటి చివర ఉన్న కీబోర్డు నా స్నేర్ డ్రమ్మును విని వాయిస్తే ఎప్పుడూ కొంత వెనకబడే ఉంటుంది, అందుకే ఆయనకు క్లిక్ అవసరం. బేస్ గిటారు నా పక్కనే ఉంటుంది, అక్కర్లేదు. ఢోలక్ మాస్టారిని అడిగితే, "ఒద్దురా అబ్బాయ్. చెవిలో అది టిక్కుటిక్కుమంటా ఉంటే నా చెయ్యి దాని మాట వినాలా, పాట మాట వినాలా?" అన్నారు. నా హై-హ్యాట్ వింటే చాలు మాస్టారూ అన్నాను. ఆయన చెప్పినదే సరైనదని ఇప్పటికీ నా అభిప్రాయం; అందరి చెవుల్లోనూ క్లిక్ పెడితే ఒకరినొకరు వినడం మానేస్తారు.

మన ప్రాంతంలో పాటకు ముందు ఒక పద్యమో, రాగాలాపనో లేకుండా పెద్దవాళ్లు తృప్తి పడరు. పద్యానికి తాళం ఉండదు. అక్కడ క్లిక్ నడుస్తుంటే అది చెవిలో దోమ. పెట్టెను పెడల్ స్విచ్‌తో మొదలుపెట్టే, ఆపే వీలుండటం ఇక్కడే అక్కరకొచ్చింది. గాయని ఆలాపన ముగించి ఊపిరి తీసుకొనే చోట కాలితో నొక్కుతాను. ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) నాకూ కీబోర్డుకూ మాత్రమే వినపడుతుంది, ఆ తరువాత స్టిక్స్ కొట్టి అందరినీ లోపలికి తెస్తాను. ఆపే అధికారం కూడా ఒక్కరి కాలి కిందే ఉండాలి. పాటలో ఎవరైనా ఒక లైను ముందుకు దూకితే క్లిక్‌ను పట్టుకొని వేలాడటం కంటే దాన్ని చంపేసి పాటను కాపాడటమే మంచిది.

శబ్దం విషయంలో జాగ్రత్త అవసరం. డ్రమ్స్ పక్కన కూర్చొని క్లిక్ వినపడాలంటే మొదటగా పెంచేది వాల్యూమే. 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటల వరకు భరించవచ్చని కొన్ని వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చెబుతాయి. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతూ 100 దగ్గర పావుగంటకు పడిపోతుంది. అందువల్ల చెవిని గట్టిగా మూసే ఇయర్‌ఫోన్లు కొని, వాల్యూమ్ తగ్గించాను. వాటితో మరో మేలు కూడా జరిగింది: అంతకు ముందు నెమ్మది పాటల్లో నా హెడ్‌ఫోన్ల నుంచి కారిన క్లిక్ మైకుల్లోకి వెళ్లి పందిట్లో వినపడేది. పెట్టె నుంచి కీబోర్డు వైపు వెళ్లే వైరుకు ఒక బెహ్రింగర్ పీ1 హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ తగిలించాము. అందులో లిమిటర్ ఉండటం వల్ల హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దం చెవిని కొట్టదు.

లోపాలు లేకపోలేదు. ఇది క్లిక్ మాత్రమే ఇస్తుంది; ముందే రికార్డు చేసిన కోరస్, స్ట్రింగ్స్ ట్రాకులు నడపాలనుకొనే బృందానికి ఇది చాలదు. ట్రాకూ క్లిక్కూ ఒకే యంత్రం నుంచి, వేర్వేరు అవుట్‌పుట్ల ద్వారా రావాలి, లేకపోతే రెండూ విడిపోతాయి. అలాంటివారు ల్యాప్‌టాపుకో, శాంప్లింగ్ ప్యాడుకో డబ్బు దాచుకోవడం నయం. కేవలం సాధన కోసమైతే ఫోన్ యాప్ చాలు, ఇంత ఖర్చు అనవసరం.

తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడవడాన్ని నేను మొదట లోపంగానే లెక్కించాను. మొన్న నవమి పందిట్లో కరెంటు పోయింది. జనరేటరు అందుకునే లోపు మైకులు, కీబోర్డు, బేస్ అన్నీ మూగవోయాయి. నా చెవిలో పెట్టె మాత్రం 104 దగ్గర కొడుతూనే ఉంది. నేనూ మాస్టారూ వాయిస్తూనే ఉన్నాము, గాయని మైకు లేకుండానే పాడారు, ముందు వరుసలోని ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. లైట్లు వెలిగి కీబోర్డు లేచాక దాన్ని వాయించే ఆయన చరణం మధ్యలో సరిగ్గా సమం మీద కలిశారు. పాట అయిపోయాక మాస్టారు ఢోలక్ తాళ్లు బిగించుకుంటూ, "దానికి బ్యాటరీలు ఎక్కడ కొంటావురా?" అని అడిగారు.