గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు ఏ బీమా మేలు: మెడికెయిడా, మార్కెట్‌ప్లేసా, మెడికేరా?

పిల్లలు అమెరికా పౌరులయ్యాక అమ్మానాన్నలను స్పాన్సర్ చేసి గ్రీన్‌కార్డు మీద తెచ్చుకునే తెలుగు కుటుంబాల్లో, పెద్దవాళ్లు విమానం దిగి వారం తిరక్కుండానే తేల్చుకోవలసిన విషయం ఆరోగ్య బీమా. అంతకుముందు విజిటర్ వీసా మీద వచ్చి వెళ్లినప్పుడు కొన్న ప్రయాణ బీమానే కొనసాగిద్దామని కొందరు అనుకుంటారు. ఆ పాలసీలు ఇమిగ్రేషన్ హోదాకు రుజువు అడగవు. వాటిలో ఉన్న సుఖం అదొక్కటే. బీపీ, షుగరు, పాత గుండె జబ్బు వంటివాటిని చాలా పాలసీలు మినహాయిస్తాయి కనుక అరవై అయిదు దాటినవారు వాటిని నమ్ముకుని ఉండడం మంచిది కాదు. మిగిలినవి మూడు: తక్కువ ఆదాయం ఉన్నవారికి రాష్ట్రం నడిపే మెడికెయిడ్, ప్రైవేటు బీమాను కొనుక్కోవడానికి ప్రభుత్వం ఏర్పాటు చేసిన మార్కెట్‌ప్లేస్‌లో ప్రీమియం సబ్సిడీకి అవకాశమున్న ప్లాను, అరవై అయిదేళ్లు నిండినవారి మెడికేర్. మూడింటికీ హోదాను రుజువు చేసుకోవాలి గానీ, మూడూ అడిగేది ఒకే ప్రశ్న కాదు. ఇవాళ చట్టబద్ధంగా ఇక్కడ ఉన్నారా అని మార్కెట్‌ప్లేస్ చూస్తుంది. ఆ హోదా ఏ తేదీన వచ్చిందని మెడికెయిడ్ చూస్తుంది. అయిదేళ్లుగా ఈ దేశంలోనే నివసిస్తున్నారా అని మెడికేర్ చూస్తుంది. ఎవరికి ఏది మేలో ఈ తేడాను బట్టే తేలుతుంది.

ముందుగా పత్రాల సంగతి. గ్రీన్‌కార్డు బలమైన రుజువే, కానీ అది చేతికందడం ఆలస్యమవుతుంది. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ అయిన యూఎస్‌సీఐఎస్‌కు 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు కడితేనే కార్డు తయారవుతుంది. కట్టిన తరువాత కూడా పోస్టులో రావడానికి మూడు నెలల దాకా పట్టవచ్చు. కొత్తగా దేశానికి వచ్చినవారు మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి ఉన్న ప్రత్యేక గడువు మాత్రం 60 రోజులే. కార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ గడువు దాటిపోయి, ఏటా ఒకసారి అందరికీ చేరిక తెరిచే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ మళ్లీ వచ్చేదాకా ఆగవలసి వస్తుంది. అందుచేత మొదటి నెలల్లో పాస్‌పోర్టులోని ఇమిగ్రెంట్ వీసాయే మేలు. విమానాశ్రయంలో ప్రవేశ ముద్ర పడ్డాక అది ఏడాది పాటు గ్రీన్‌కార్డుకు బదులుగా చెల్లుతుందని ఆ వీసా మీదే అచ్చువేసి ఉంటుంది. దరఖాస్తులో పత్రం రకాన్ని ఎంచుకునే దగ్గర మాత్రం జాగ్రత్తపడాలి. గ్రీన్‌కార్డు అని నొక్కితే ఏ-నంబరుతో (ఇమిగ్రేషన్ శాఖ మనిషికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) పాటు మూడు అక్షరాలు, పది అంకెలు ఉండే కార్డు నంబరు కూడా అడుగుతారు. కార్డు రానివారి దగ్గర అది ఎలా ఉంటుంది? ఇమిగ్రెంట్ వీసా అన్న వరుసను ఎంచుకుంటే ఏ-నంబరు, పాస్‌పోర్టు వివరాలతో పని జరుగుతుంది.

ఈ వివరాలు ఇమిగ్రేషన్ హోదాను సరిచూసే ‘సేవ్’ అనే ఫెడరల్ వ్యవస్థకు వెళ్లి, అక్కడి రికార్డుతో సరిపోలాలి. మనవాళ్లకు చిక్కు వచ్చేది ఎక్కువగా ఇక్కడే, అదీ పేరు దగ్గర. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిని ఖాళీగా వదిలి ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్ గడిలో రాయించుకున్న పెద్దలకు, అమెరికా వీసాలో ఆ మొత్తం సర్‌నేమ్‌గా మారి, పేరు ఉండవలసిన చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఇంట్లో కొడుకో కోడలో దరఖాస్తు నింపుతూ అది బాగోలేదని తీసేసి, ఇంటిపేరును ఒకవైపు, పేరును మరోవైపు సర్దితే, మనిషికి అది సరైన పేరే అయినా కంప్యూటరుకు మాత్రం వేరే మనిషి అవుతుంది. ఇమిగ్రేషన్ పత్రం మీద పేరు ఎంత వికారంగా ఉన్నా, ఆ పత్రం వివరాలు అడిగిన చోట దానిని ఉన్నదున్నట్టు ఎక్కించడమే క్షేమం.

సరిపోలకపోతే దరఖాస్తును వెంటనే కొట్టివేయరు. మార్కెట్‌ప్లేస్ 95 రోజులు గడువిచ్చి పత్రాలు పంపమంటుంది. మెడికెయిడ్‌లో నోటీసు అందిన నాటి నుంచి 90 రోజులు ఉంటాయి. మిగతా అర్హతలు ఉంటే ఈలోగా బీమా నడుస్తూనే ఉంటుంది. పత్రాలను పోస్టులో పంపడం కంటే అకౌంట్‌లో అప్‌లోడ్ చేయడం మంచిది, ఎందుకంటే ఏ తేదీన పంపారో అక్కడే కనిపిస్తుంది. వీసా పేజీని, ముద్ర ఉన్న పేజీని, ఫొటో పేజీని విడివిడిగా స్పష్టంగా తీసి పంపాలి. ముద్ర మసకగా ఉంటే ఐ-94 ప్రవేశ రికార్డును కూడా జతచేయాలి.

ఇక మూడింటిలో డబ్బు తక్కువ అయ్యేది మెడికెయిడ్. అయితే 1996 నాటి సంక్షేమ చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత ఎక్కువమంది పెద్దవారు అయిదేళ్లు ఆగాలి. కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అన్న తేదీ నుంచి ఈ లెక్క మొదలవుతుంది. విజిటర్‌గా వచ్చి ఇక్కడే గ్రీన్‌కార్డు తీసుకున్నవారికి కూడా అంతే, మొదట అడుగుపెట్టిన తేదీ లెక్కకు రాదు. అయిదేళ్లు నిండాక కూడా స్పాన్సర్ ఆదాయాన్ని కలిపి చూసే నిబంధన ఒకటి ఉంది. కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో ఈ నిరీక్షణను తొలగించాయి. న్యూయార్క్‌లో 2001 నాటి కోర్టు తీర్పు వల్ల గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అయిదేళ్ల అడ్డు లేదు, కాలిఫోర్నియాలోనూ లేదు. కానీ కాలిఫోర్నియా 2026 జనవరి నుంచి అరవై అయిదు దాటినవారికి ఆస్తి పరిమితిని మళ్లీ తెచ్చింది. ఒక్కరికి అది 1,30,000 డాలర్లు. హైదరాబాదులో ఫ్లాటు, ఊళ్లో పొలం ఉన్న దంపతులు ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ నిరీక్షణను తొలగించని టెక్సస్‌లో స్థిరపడినవారు మాత్రం మెడికెయిడ్ మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

అటువంటి రాష్ట్రాల్లో మార్కెట్‌ప్లేసే తొలి ఆధారం. పాత జబ్బులున్నాయని ప్లాను నిరాకరించడానికి వీల్లేదు; నెట్‌వర్కులో, అంటే ప్లానుతో ఒప్పందమున్న ఆసుపత్రుల్లో తీసుకునే వైద్యానికి 2026లో ఒక్కరు సొంతంగా భరించవలసిన గరిష్ఠ మొత్తం 10,600 డాలర్లు. హోదా రుజువు కూడా ఇక్కడే అన్నిటికంటే సులువు. చిక్కంతా సబ్సిడీలో ఉంది. 2025లో వచ్చిన చట్టం వల్ల, ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉండి అయిదేళ్ల అడ్డు వల్ల మెడికెయిడ్ దొరకనివారికి 2026 నుంచి సబ్సిడీ ఆగిపోయింది. 2026 సబ్సిడీకి ఇద్దరున్న కుటుంబానికి ఆ రేఖ 21,150 డాలర్లు, ఆదాయ పైహద్దు 84,600. అమ్మానాన్నలను కొడుకు తన టాక్సు రిటర్నులో డిపెండెంట్లుగా చూపిస్తే ఆరుగురున్న ఇంటికి పైహద్దు 1,72,600 అవుతుంది. భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగులైన ఇంట్లో అది చాలాసార్లు దాటిపోతుంది. పెద్దవాళ్లు విడిగా రిటర్ను వేసేటప్పుడు ఇండియాలో వచ్చే అద్దెలు, బ్యాంకు వడ్డీ కూడా ఆదాయమే, చూపించి తీరవలసినవే. అవి నిజంగా ఆ కింది రేఖను దాటితే సబ్సిడీకి దారి తెరుచుకుంటుంది. సబ్సిడీ కోసం లేని ఆదాయాన్ని మాత్రం రాయకూడదు. 

అమెరికాలో పది సంవత్సరాలు పనిచేసి నలభై సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు సంపాదించుకోని పెద్దలు సాధారణంగా మెడికేర్‌ను కొనుక్కోవలసిందే. 2026లో ఆసుపత్రి ఖర్చులకు ఉద్దేశించిన పార్ట్ ఏకు 565 డాలర్లు, డాక్టరు ఖర్చులకు ఉద్దేశించిన పార్ట్ బీకి 202.90, అంటే మనిషికి నెలకు 767.90. మందుల ప్లాను దీనికి అదనం. పైగా ప్రభుత్వమే నేరుగా నడిపే ఈ ఒరిజినల్ మెడికేర్‌లో ఏడాది ఖర్చుకు పైహద్దు లేదు. రుజువు కష్టమైనది కూడా ఇదే, ఎందుకంటే దరఖాస్తుకు ముందు అయిదేళ్లు నిరంతరంగా ఇక్కడ నివసించి ఉండాలి. మనవరాలి బారసాలకు వచ్చి, చలికాలం రాగానే విజయవాడ వెళ్లి, ఏడెనిమిది నెలలు అక్కడే ఉండిపోయే అలవాటున్న దంపతులకు గ్రీన్‌కార్డు చెల్లుబాటులో ఉన్నా ఈ లెక్క కుదరకపోవచ్చు. పాత పాస్‌పోర్టులను, ఇక్కడి బ్యాంకు, డాక్టరు కాగితాలను దాచుకున్నవారికి పని సులువవుతుంది.

కాబట్టి న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి చోట్ల ఉండి, ఆదాయం, ఆస్తిపాస్తులు తక్కువగా ఉన్నవారికి మెడికెయిడ్ నిస్సందేహంగా మేలు. అయిదేళ్ల అడ్డున్న రాష్ట్రాల్లో మొదటి అయిదేళ్లూ మార్కెట్‌ప్లేసే, సబ్సిడీ లేకపోయినా సరే. అయిదేళ్లు నిండాక, సబ్సిడీ వస్తున్నవారు అదే ప్లానులో కొనసాగవచ్చు. పార్ట్ ఏను కొనుక్కోవలసినవారు మెడికేర్‌లో చేరనంత మాత్రాన సబ్సిడీ పోదు, కాకపోతే తరువాత ఎప్పుడో చేరితే పార్ట్ బీకి ఆలస్యమైన ప్రతి ఏడాదికీ పదిశాతం జరిమానా పడుతుంది. పూర్తి ప్రీమియం కడుతున్నవారు మాత్రం అయిదేళ్లు నిండే నెలకు మూడు నెలల ముందే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు చేసుకోవడం మంచిది.