వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్: ఇన్నేళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

అందరూ కొన్న వారంలో రివ్యూ రాస్తారు. నేను కొన్నది 2021 ఏప్రిల్‌లో, కరోనా రెండో వేవ్ అప్పుడు, రాస్తున్నది ఇప్పుడు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లోడు "అన్నా, అమ్మకి ఆస్తమా, ఆక్సీమీటర్ ఏది కొనమంటావ్" అని అడిగితే వాట్సాప్‌లో టైప్ చేయడం మొదలుపెట్టా, ఆగలేదు, ఇంత అయింది.

కంపెనీ పేరు అడక్కండి, శానిటైజర్‌తో తుడిచి తుడిచి పేరు ఎప్పుడో చెరిగిపోయింది. తెల్లటి క్లిప్పు, రెండు సన్న బ్యాటరీలు, స్క్రీన్ మీద రక్తంలో ఆక్సిజన్ శాతం, పల్స్, పక్కన ఎగిరే గీత, అంతే. బెంగళూరు మారతహళ్లిలో నాలుగు మెడికల్ షాపులు తిరిగితే ఒక చోట దొరికింది, 2,400 అన్నాడు, కరోనాకి ముందు దాంట్లో సగానికి కూడా కొనేవాళ్లు లేరు. బేరం ఆడే టైమా అది, జేబులో ఉన్నది ఇచ్చి వచ్చేశా. తర్వాత జూలైలో సెంట్రల్ గవర్నమెంట్ వీటి మీద ట్రేడ్ మార్జిన్, అంటే మధ్యలో అమ్మేవాళ్లు కలుపుకునే లాభం, 70 శాతం దాటకూడదని రూల్ పెట్టింది, రేట్లు దిగాయి. అప్పటికి మా అవసరం తీరిపోయింది లెండి.

పని చేసే పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది. ఒకవైపు నుంచి రెండు లైట్లు వేస్తుంది, ఒకటి ఎర్రది, ఇంకొకటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ ఎక్కించుకున్న రక్తం ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువ తాగుతుంది, ఆక్సిజన్ లేని రక్తం ఎర్ర లైట్‌ని ఎక్కువ తాగుతుంది, అవతలి వైపు ఎంత వచ్చిందో చూసి లెక్క కడుతుంది. సూది లేదు, రక్తం చుక్క లేదు. 1970ల్లో జపాన్‌లో తకువో అయోయాగి అనే ఇంజినీర్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఆయన పోయింది 2020 ఏప్రిల్‌లో, సరిగ్గా ప్రపంచమంతా ఆయన మెషీన్ కోసం ఎగబడడం మొదలైనప్పుడు. ఇది చదివినప్పుడు కాసేపు ఏమీ తోచలేదు నాకు.

ఏప్రిల్ 27 రాత్రి నుంచి కర్ణాటకలో కర్ఫ్యూ. నాన్న కదిరి నుంచి మనవరాలిని చూడటానికి వచ్చి మా దగ్గరే ఇరుక్కుపోయాడు, షుగర్ ఉంది, మూడో రోజుకి జ్వరం. టెస్ట్ రిజల్ట్ రావాలి, రిజల్ట్ వస్తే బీయూ నంబర్ (బెంగళూరులో కరోనా పేషెంట్‌కి ఇచ్చే నంబర్) రావాలి, బీయూ నంబర్ ఉంటేనే బెడ్ అడగాలి, హెల్ప్‌లైన్‌కి చేస్తే ఎంగేజ్. ఇంట్లో మన చేతిలో ఉన్నవి రెండే, డోలో 650, ఈ క్లిప్పు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తే తిన్నారా లేదా అని కూడా అడిగేది కాదు, "ఎంత చూపిస్తాంది?" అదే మొదటి మాట. 94 కంటే తగ్గితే డాక్టర్‌తో మాట్లాడాలని అప్పుడు అందరికీ నోటికొచ్చేసింది, చదువు రాని మా అవ్వతో సహా.

ఒక రాత్రి 88 చూపించింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నాన్నేమో "చేతులు చల్లగా ఉండాయి, దుప్పటి ఈరా" అంటాడు. దుప్పటి కప్పి, చెయ్యి రుద్ది, మళ్లీ పెడితే 96. అప్పుడు తెలిసింది, చల్లటి వేళ్ల మీద ఇది తప్పు చూపిస్తుందని. కాబట్టి చెప్పేది ఏంటంటే, చెయ్యి వెచ్చగా ఉండాలి, కదపకూడదు, నెయిల్ పాలిష్ తీసేయాలి, ముదురు మెహందీ ఉంటే వేరే వేలు చూసుకోండి, పెట్టగానే వచ్చే నంబర్ నమ్మకండి, గీత ఒకే తీరుగా ఎగిరేదాకా ఆగండి. ఇదంతా డబ్బాలో పెట్టిన కాగితంలో ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పైఫ్లోర్‌లో మన కడప పిల్లోళ్లు ముగ్గురు ఉండేవాళ్లు, మెషీన్‌ని సంచిలో పెట్టి తాడు కట్టి పైకి లాక్కునేవాళ్లు. ఒకడు "నేను సూపర్‌గా ఉన్నా అన్నా" అని నవ్వుతూ వీడియో కాల్‌లో చూపిస్తే 86. చెయ్యి మార్చినా అంతే, వేడి చేసినా అంతే. ఆయాసం లేదు, దగ్గు కూడా పెద్దగా లేదు, మనిషి మాత్రం లోపల అయిపోతున్నాడు. బోర్లా పడుకోబెట్టమని డాక్టర్ ఫోన్లో చెప్పాడు, సాయంత్రానికి ఎవరో తెలుగు గ్రూపులో పట్టుకుని హొస్కోటె వైపు ఆక్సిజన్ బెడ్ సంపాదించారు. వాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు, పెళ్లయింది. ఈ క్లిప్పు లేకపోతే వాడు ఆ రాత్రి నవ్వుతూనే పడుకునేవాడు. మా వీధిలో ఓనర్ అంకుల్‌కి మాత్రం ఎవరం పెట్టి చూడలేదు, ఆయనకి జ్వరమే లేదు కదా అనుకున్నాం. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

లోపాలు కూడా చెప్పాలి. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020 డిసెంబర్‌లో అమెరికా డాక్టర్ల స్టడీ వచ్చింది. ఇలాంటి ముఖ్యమైన విషయం మనలాంటి రంగు వాళ్లకి అమ్మే డబ్బా మీద ఒక్క ముక్క ఉండదు, అదే నాకు మండేది. 95 వచ్చినా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి. ఇక పెన్సిల్ పెట్టినా 98 చూపించే డూప్లికేట్ల వీడియోలు అప్పట్లో అందరం చూశాం, కొనేటప్పుడు షాపులోనే ఏదైనా వస్తువు పెట్టి చూడండి, సిగ్గుపడకండి. ఫోన్ కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెప్తామనే యాప్‌లు అసలు వద్దు.

తమ్ముడూ, నీకు నా సలహా: గీత కనిపించేది, బిల్లు ఇచ్చే షాపులో కొను. అమ్మ బాగున్న రోజు రీడింగ్ రాసి పెట్టుకో, ఆస్తమా వాళ్లకి మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తేనే తగ్గింది తెలుస్తుంది. వాడనప్పుడు బ్యాటరీలు తీసి పెట్టు, నాది ఒకసారి లీకై స్ప్రింగ్ తుప్పు పట్టింది, ఉప్పు కాగితంతో గీకితే మళ్లీ పని చేస్తోంది. అయిదుకి నాలుగు స్టార్లు, ఒకటి కోసింది బీప్ ఆపే బటన్ లేనందుకు.