లెనిన్ సెంటర్‌లో దొరికిన మిల్లు దొర

విజయవాడ లెనిన్ సెంటర్‌లోని ఒక పాత పుస్తకాల దుకాణంలో, ఇంజనీరింగ్ గైడ్ల గుట్ట అడుగున నలుగుతున్న సర్ రిచర్డ్ ఆర్క్‌రైట్ జీవితచరిత్ర (ఇంగ్లీషు ప్రతి) నాకు 180 రూపాయలకు దొరికింది. 1732లో ప్రెస్టన్‌లో దర్జీ ఇంట పుట్టి, క్షవరాలు చేస్తూ, విగ్గులు అమ్ముకుంటూ బతికిన మనిషి, 1792లో కన్నుమూసేనాటికి ఇంగ్లండులోని మహా సంపన్నులలో ఒకడెలా అయ్యాడన్నదే ఇందులోని కథ.

పుస్తకానికి ప్రాణం 1769లో ఆయన పేటెంటు పొందిన నూలు యంత్రాన్ని వివరించిన అధ్యాయం. ఏకిన దూది ఒకదాని కంటే ఒకటి వేగంగా తిరిగే రోలర్ల జతల నడుమ సాగి, ఆ తరువాత పురి ఎక్కి గట్టి దారమవుతుంది. మంగళగిరిలో మగ్గం చూసినవారికి ఇందులోని కీలకం ఇట్టే తెలుస్తుంది: బిగువంతా మోయవలసింది పడుగే (నిలువు దారాలే) కాని పేక (అడ్డ దారాలు) కాదు. అంత గట్టి నూలు దారం లేక, అప్పటిదాకా ఇంగ్లండు నేతగాళ్లు పడుగుకు సాధారణంగా నార దారమే వాడేవారు.

1771లో మొదలైన క్రామ్‌ఫర్డ్ మిల్లులో పిల్లల చాకిరీకి రచయిత కొద్ది పుటలే కేటాయించి, దొర కట్టించుకున్న విల్లర్స్‌లీ కోటకు మాత్రం ఒక అధ్యాయమంతా ఇచ్చాడు; ఆ కోటలో అడుగుపెట్టకముందే ఆయన పోయాడనుకోండి. కార్మికుల మూడంతస్తుల ఇళ్ల వర్ణన మాత్రం బాగుంది: ఆడవాళ్లు, పిల్లలు మిల్లుకు వెళితే, పై అంతస్తులో పొడవాటి కిటికీల వెలుతురులో మగవాళ్లు నేత పని చేసేవారు.

నాకు అసలు అసంతృప్తి బందరు విషయంలో. ఇక్కడి నుంచి బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఆ రేవు నుంచి వెళ్లిన అద్దకపు బట్టలతో సహా మన దేశపు సరుకు మోజును ఆపడానికే ఇంగ్లండు నిషేధాలు పెట్టింది. అలాంటి 1721 నాటి చట్టం తన నూలుబట్టకూ అడ్డొస్తే, ఆర్క్‌రైట్ పార్లమెంటును ఆశ్రయించి 1774లో సడలింపు సాధించాడు. ఇంతటి మలుపును రచయిత ఒక్క పేరాలో దాటవేశాడు.

1785లో పేటెంట్లు రద్దయిన వ్యాజ్యం దగ్గర నా ప్రతిలో 16 పుటలు లేవు. తీసుకువెళ్లి చూపితే దుకాణదారు మారు మాట్లాడకుండా 50 రూపాయలు వెనక్కి ఇచ్చాడు. అక్కడ కొనేవారు బేరానికి ముందే పుటల సంఖ్యలు సరిచూసుకోవడం మంచిది.