ఒమాహా నేర్పిస్తామంటే డబ్బు కట్టే ముందు ఈ నాలుగు ఇస్పేట్ల ప్రశ్న అడగండి

విజయవాడలో పోకర్ నేర్చుకుందామని ఎవరైనా చూస్తుంటే, అందులోనూ ఒమాహా అనే రకం అయితే, ఇది చదివాక డబ్బు కట్టండి. నేను ముందే 3,500 కట్టేశాను. గవర్నర్‌పేటలో ఒక మేడ మీద గది, మూడు ఆదివారాల క్లాసు. దాంతోపాటు పేక పెట్టె, చిప్స్, తెలుగులో అచ్చేసిన రూల్స్ పుస్తకం. వాళ్ల పేరు రాయడం లేదు. ప్రశ్న తెలిస్తే ఎవరి దగ్గరైనా పనికొస్తుంది.

మా అత్తగారింట్లో, గుంటూరులో, సంక్రాంతికి పేకాట మామూలే. పందెం చింతపిక్కలు. ఏటా రమ్మీయే కదా, ఈసారి కొత్త ఆట నేర్పి గొప్ప అనిపించుకుందామని నా ఆశ. క్లాసులో మొదటి వారం బాగానే చెప్పారు. ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు పంచడం, బోర్డు మీద, అంటే అందరికీ ఉమ్మడిగా బల్ల మీద, ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి తెరవడం, ప్రతిసారీ పందెం. ఇందులో తప్పేం లేదు. కానీ అసలు రూలు దగ్గరే తప్పు. పుస్తకం 11వ పేజీలో ఇలా ఉంది: చేతిలో నాలుగు, బోర్డు మీద ఐదు, మొత్తం తొమ్మిదిలో మంచివి ఐదు ఏరుకోవచ్చు.

కనుమ నాడు నా చేతికి ఇస్పేటు ఆసు, రాజు, తొమ్మిది, నాలుగు వచ్చాయి. బోర్డు మీద ఇస్పేటు ఏడు పడింది, మిగతా నాలుగూ ఇస్పేట్లు కావు. ఐదు ఇస్పేట్లు అయ్యాయి కదా, కలరు! నా ముందున్న పిక్కలన్నీ గుట్టలోకి తోసేశాను. ముక్కలు చూపించగానే బెంగళూరులో ఉండే మా బావమరిది పడీపడీ నవ్వాడు. "బావా, ఒమాహాలో చేతిలోంచి రెండే తీయాలి. బోర్డు నుంచి మూడు. ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు." అంటే నాది కలరు కాదు, జత కూడా లేని ఉత్త ఆసు పెద్ద. వాడు జతతో గుట్ట పట్టుకుపోయాడు. మా మావయ్య అయితే "ఫీజు కట్టి మరీ నేర్చుకున్నావా?" అని రెండు రోజులు అదే మాట.

పోకర్‌లోనే ఇంకో రకం టెక్సస్ హోల్డెమ్‌లో చేతికి రెండే ముక్కలు. బోర్డు ఐదుతో కలిపి ఏడింట్లో ఏ ఐదైనా వాడుకోవచ్చు. ఆ రూలునే సాగదీసి ఒమాహాకి తగిలించారు. నిజానికి ఒమాహాలో మీ నాలుగు ముక్కల్లో ఆరు జోడీలు, బోర్డు మీద పది త్రయాలు, మొత్తం 60 కలయికలు చూసుకోవాలి. చేతికి నాలుగు ఆసులూ వచ్చాయనుకోండి, క్లాసు లెక్కన అది ఫోర్ ఆఫ్ ఎ కైండ్, అంటే ఒకే రకం నాలుగు ఉన్న పెద్ద చేయి. అసలు లెక్కన ఆసుల జతే. పైగా పేకలో ఇంకో ఆసు మిగల్లేదు కాబట్టి మూడు ఆసులు అయ్యే దారి కూడా లేదు. సంబరపడాల్సిన చేయి కాదు, ఏడవాల్సిన చేయి.

ఆ రాత్రి పుస్తకం మళ్లీ తిరగేస్తే ఇంకో వింత. చేతుల వరుసలో సీక్వెన్స్‌ని కలరు కంటే పైన వేశారు. అది మూడు ముక్కలాట వరుస. మూడు ముక్కల్లో 22,100 చేతులుంటే మామూలు సీక్వెన్స్‌లు 720, కలర్లు 1,096, అరుదైంది పైన. ఐదు ముక్కలకి వచ్చేసరికి ఇది తిరగబడుతుంది: కలర్లు 5,108, సీక్వెన్స్‌లు 10,200. అందుకే పోకర్‌లో కలరే గెలుస్తుంది. చెప్పినాయన పాత మూడు ముక్కలాట ఆటగాడని నా అనుమానం. పాట్ లిమిట్, అంటే గుట్టలో ఉన్నంత వరకే పందెం పెంచాలనే లెక్క, కూడా తేడాయే. గుట్టలో 100 ఉండి ముందువాళ్లు 50 వేస్తే, ఆ 50కి మనం సమానం చేశాక గుట్ట 200 అవుతుంది. ఇంకో 200 పెంచవచ్చు, అంటే మన చేతి నుంచి మొత్తం 250. పుస్తకంలో 150 అని ఉంది.

ప్లాస్టిక్ పేక అన్నది అట్టపేకే. వారానికే అంచులు విడిపోయాయి. దానికి పెద్దగా బాధ లేదు.

మూడో ఆదివారం జరిగింది మాత్రం చిన్న విషయం కాదు. "ప్రాక్టీస్ కోసం" అని ఒక యాప్ లింకు పంపి, అందులో 1,000 వేయమన్నారు. లొకేషన్ బెంగళూరు పెట్టుకుంటే చాలట. ఇది తప్పు కదండీ అంటే, "1968లోనే సుప్రీంకోర్టు నైపుణ్యం ఆట అని ఒప్పుకుంది" అన్నారు. ఆ తీర్పు రమ్మీ గురించి. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీదే నడుస్తుందని అందులోనే ఉంది, పోకర్‌తో దానికి సంబంధం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా దేశమంతా ఆపేసింది. బెంగళూరు లొకేషన్ పెట్టినా అదే కథ. నేను వేయలేదు. మా బ్యాచ్‌లో ఇద్దరు వేశారు, వెనక్కి రాలేదు. వాళ్లకి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పాను.

పండగ నుంచి రాగానే వెళ్లి అడిగితే "మా దగ్గర ఇలాగే ఆడతారు సార్" అన్నారు. రసీదు ఇవ్వలేదు, ఫోన్‌లో కొట్టిన 3,500 స్క్రీన్‌షాట్ మాత్రం ఉంది. దాంతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

మీరు ఎక్కడికెళ్లినా ముందు నా ఇస్పేట్ల చేయే చెప్పి, కలరు అవుతుందా అని అడగండి. అవుతుందంటే మెట్లు దిగేయండి. కాదంటే ఇంకోటి అడగండి: బోర్డు మీదే ఐదు ముక్కల సీక్వెన్స్ పడితే అందరూ గుట్ట పంచుకుంటారా? హోల్డెమ్‌లో అంతకంటే పెద్ద చేయి ఎవరికీ లేకపోతే పంచుకుంటారు. ఒమాహాలో బోర్డు ఒక్కదాన్నే చూపించడం కుదరదు, చేతిలోంచి రెండు రావాల్సిందే. ఇది తడుముకోకుండా చెప్పినవాళ్లకి ఆట వచ్చని నమ్మవచ్చు.

11వ పేజీ ఫొటో కావాలంటే అడగండి, పెడతాను. పుస్తకం పారేయలేదు, ఫిర్యాదుకి కావాలి.