మగపిల్లల హాస్టల్ స్కూల్లో మనసు బాగోలేని పిల్లల్ని ఆదుకోవడానికి: వారానికోసారి వచ్చే కౌన్సెలరా, రోజూ ఉండే మెంటర్ టీచరా?

కౌన్సెలర్‌కు శిక్షణ ఉంటుంది, మార్కులతో పని ఉండదు. ప్రాణాపాయమో, లైంగిక వేధింపో లేనంతవరకూ చెప్పింది బయటికి రాదు. కానీ ఆ గది ప్రిన్సిపాల్ ఆఫీసు పక్కనే ఉంటే ఎవడూ రాడు, తోటివాళ్లు చూస్తారని. తొమ్మిది, పది తరగతుల వాళ్లందరినీ కౌన్సెలర్ పిలిచి పది నిమిషాలు మాట్లాడటం తప్పనిసరి చేస్తే ఆ బెరుకు తగ్గుతుంది.

పదిహేను మందికో మెంటర్ టీచర్ ఉంటే మార్పు ముందే కనబడుతుంది. మగపిల్లల్లో దిగులు ఏడుపుగా కాక చిరాకుగా, కొట్లాటగా, మాటిమాటికీ కడుపునొప్పిగా, ఆట మానేయడంగా బయటపడొచ్చు. వాటికి శిక్ష వేస్తే ఇంకా ముడుచుకుపోతారు. ఎదురుగా కూర్చోబెట్టి అడగడం కన్నా గ్రౌండ్ చుట్టూ నడుస్తూ అడిగితే నోరు విప్పుతారు. చిక్కొకటే: తన సబ్జెక్టు పిల్లలకే మెంటరైతే మార్కుల భయం అడ్డొస్తుంది, గ్రూపులు మార్చాలి.

ఒక్కటే ఎంచుకోవాలంటే మెంటరే మేలు. అయితే వైద్యం ఆయన పని కాదు. చనిపోవాలని ఉందా అని సూటిగా అడగొచ్చు, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఇంటికి చెప్పి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనూ పలుకుతుంది.