స్ట్రాంగా, లైటా? బెంగళూరులో మూడు రోజుల బీరు యాత్ర

కర్నూలులో వైన్స్ కౌంటర్ దగ్గర బీరు అడిగితే ఎదురొచ్చే ప్రశ్న ఒక్కటే: "స్ట్రాంగా, లైటా?" మా బావమరిదిని ఆ ప్రశ్న కూడా అడగరు. వాడి ముఖం కనపడగానే స్ట్రాంగ్ తీసి చేతిలో పెడతారు. అలాంటివాణ్ని వెంటబెట్టుకుని బెంగళూరు బ్రూవరీలు, అంటే బీరు అక్కడే తయారుచేసి పోసే పబ్బులు, తిరిగొచ్చాను. అసలు పని ఆదివారం వైట్‌ఫీల్డ్‌లో చుట్టాల గృహప్రవేశం. గురువారమే ఎందుకు బయల్దేరామన్నదానికి ఇంట్లో చెప్పిన కారణం వేరే ఉంది, అది ఇక్కడ అనవసరం.

కాచిగూడ నుంచి యశ్వంతపూర్‌కి 2023 సెప్టెంబరులో వేసిన వందే భారత్ ఎక్కాం. నేను తెల్లవారుజామున కాచిగూడలో, వాడు కర్నూలు సిటీలో. మధ్యాహ్నం రెండు దాటాక దిగాం. రాత్రి బస్సులో పోతే ఒక పగలు కలిసొస్తుందని చాలామంది అంటారు. నిజమే, కానీ నిద్ర చెడి ఒళ్లు హూనమైన రోజున ఏ బీరు రుచీ తెలియదు.

బసలో మాత్రం బోల్తా పడ్డాను. చవగ్గా ఉందని కోరమంగలలో ఆన్‌లైన్‌లో ఒక గది బుక్ చేశాను. ఫొటోల్లో ఉన్న కిటికీ గదిలో లేదు. కింద పబ్బు, రాత్రి ఒంటిగంట దాకా మంచం కాళ్లు కూడా తాళం వేశాయి. దానికితోడు అక్కడికి మెట్రో లేదు. మర్నాడు పొద్దున్నే సామాను సర్దుకుని ఎంజీ రోడ్ మెట్రోకి నడిచిపోయే దూరంలో ఇంకో హోటల్‌కి మారాం. గది చిన్నదే, అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువే. ఆ వెయ్యి ఆటోల్లో మిగిలింది. రాత్రి పది దాటితే ఇక్కడ ఆటో మీటరు మీద సగం అదనం, అది చట్టప్రకారమే. చట్టంతో పని లేకుండా అడిగేవాళ్లు సాయంత్రం ఆరింటికే అడుగుతారు. బీరు కోసం వెళ్లేవాళ్లు మెట్రో పర్పుల్ లైన్ పక్కన గది చూసుకోవాలి: ఎంజీ రోడ్, హలసూరు, ఇందిరానగర్, ఈ మూడింట్లో ఏదైనా సరే. సొంత బండి ఆలోచన వద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే జరిమానా 10,000 దాకా ఉంటుంది.

గురువారం సాయంత్రం బ్రూవరీకి కాదు, బ్రిగేడ్ రోడ్డు పక్కన రెస్ట్ హౌస్ రోడ్డులో ఉన్న పీకాస్‌కి వెళ్లాం. 1989 నుంచి ఉన్న పబ్బు. ఇరుకు మెట్లు, గోడల నిండా రాక్ పోస్టర్లు, మగ్గుల్లో మామూలు డ్రాఫ్ట్ బీరు. ఇప్పటి హంగులన్నీ రాకముందు ఈ ఊరు ఎలా తాగేదో చూడాలంటే ఇక్కడికే రావాలి. అక్కణ్నుంచి నడుచుకుంటూ విఠల్ మాల్యా రోడ్డు దాకా పోయాం. యూబీ సిటీ అద్దాల భవనాలున్న చోట ఒకప్పుడు బీరు ఫ్యాక్టరీ ఉండేది. థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ వ్యాపారి 1915లో దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. 1947లో అది విఠల్ మాల్యా చేతికొచ్చింది. కంటోన్మెంటు సోల్జర్ల దాహంతో మొదలైన వ్యాపారం అది. ఆ కంపెనీ బీరైన కింగ్‌ఫిషర్ తాగిన ప్రతి తెలుగువాడూ ఈ భవనాలకి ఒక ఇటుక చందా ఇచ్చినట్టే. మా బావమరిది లెక్కన ఒక అంతస్తు వాడిదే.

శుక్రవారం మధ్యాహ్నం ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో టాయిట్ అనే బ్రూవరీ. 2010లో మొదలైంది. 'టైట్' అన్న మాటనే ఐరిష్ యాసలో అలా అంటారట. మనకి ఆ మాటకి వేరే అనువాదం అక్కర్లేదు. చెక్క మెట్లు, ఎత్తయిన కప్పు, ఒకపక్క మెరుస్తున్న ట్యాంకులు. పనిరోజు మధ్యాహ్నం వెళ్లాం కాబట్టి కూర్చునే చోటు వెంటనే దొరికింది. ఏం కావాలో తేల్చుకోలేకపోతుంటే సర్వర్ కుర్రాడు అడక్కుండానే చిన్న గ్లాసుల్లో రెండు గుక్కలు పోసి తెచ్చాడు. దాదాపు అన్ని బ్రూవరీల్లోనూ ఈ రుచి చూపించే మర్యాద ఉంది, మొహమాటపడకుండా అడగాలి.

ముందు గోధుమ బీరు. జర్మన్ పద్ధతిలో చేసిన వైస్. గ్లాసు మసకగా ఉంటుంది, వడగట్టరు. మా వాడు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి "పాడైపోయిందేమో బావా" అన్నాడు. వాసన చూడమన్నాను. మాగిన అరటిపండు, దాని వెనకాల లవంగం. అరటిపండూ లవంగమూ ఏవీ వెయ్యరు, ఆ వాసనలు బీరుని పులియబెట్టే ఈస్టు చేసే పని. తర్వాత టిన్‌టిన్ టాయిట్, విట్ అనే బెల్జియం తరహా గోధుమ బీరు. ఇందులో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క పడతాయి. ఆ సంగతి చెప్పగానే వాడు గ్లాసు కింద పెట్టేశాడు. "ధనియాలేంది బావా, చారు పెట్టినారా?"

అన్నాడే గానీ ఆ గ్లాసు పూర్తిచేసి ఇంకోటి చెప్పించుకున్నాడు. నా ఓటు కూడా దానికే. ఎండలో తిరిగొచ్చినవాడికి నిమ్మరసం సోడా చేసే ఉపకారం చేస్తుంది. బాస్మతీ బ్లాండ్ అని బియ్యంతో చేసిందీ ఉంది. తేలిగ్గా, శుభ్రంగా ఉంటుంది, లైట్ బీరు అలవాటున్నవాళ్లు దాంతో మొదలుపెట్టొచ్చు. గ్లాసు నాలుగైదు వందలకి అటూ ఇటూ, పన్నులు కలిపితే ఇంకాస్త. సీసా లెక్కలో చూస్తే గుండె జారుతుంది. కానీ సీసా బీరుని నిలవ ఉండటానికి వేడిచేస్తారు. ఇక్కడిది చాలావరకు ఆ వేడీ, వడపోతా లేకుండా ట్యాంకులోంచి గ్లాసులోకి వస్తుంది, అందుకే ఎక్కువ కాలం ఆగదు. తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

ఆ రాత్రి వెళ్లిన ఇంకో చోటు పేరు చెప్పను. లైట్లు, ఫౌంటెను, ఫొటోలకి పూల గోడ, అన్నీ ఉన్నాయి. బీరు నోట్లో పోసుకుంటే సబ్బు నీళ్లలా ఉంది. మెనూలో ఎనిమిది రకాలు, అడిగితే ఉన్నవి మూడు. బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జి కలిపి తెచ్చారు. అది తప్పనిసరిగా వసూలు చెయ్యకూడదని వినియోగదారుల సంస్థ 2022లోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025లో ఆ మాటే సమర్థించింది. తియ్యమంటే తీశారు, కాకపోతే మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. పూల గోడ ఉన్న చోట బీరు బాగుండదని నా అనుమానం, రుజువు చెయ్యలేను.

శనివారం మధ్యాహ్నం రెసిడెన్సీ రోడ్డులో నాగార్జునలో అరిటాకు భోజనం. పప్పు, పొడి, నెయ్యి, కోడి వేపుడు. బెంగళూరు వాళ్లు మన కారానికి క్యూ కట్టి నిలబడటం చూస్తే కాస్త గర్వంగా ఉంటుంది. తినేసి కొంతసేపు ఆగి, మాగ్రత్ రోడ్డులో ఆర్బర్‌కి నడిచాం. ఇది అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో 1995లో పుట్టిన బ్రూవరీ పేరు, 2012లో ఇక్కడికొచ్చింది. ఇక్కడ ఐపీఏ తాగాలనే వచ్చాను. హాప్స్ అనే తీగ పువ్వులు దండిగా వేసి చేదు పెంచిన బీరు. మావాడు ఒక గుక్క వేసి "వేపపుల్ల నమిలినట్టుంది" అన్నాడు. మధ్యాహ్నం తిన్న కారం నాలుక మీద ఇంకా ఉండగా ఈ చేదు తగిలితే మంట రెట్టింపవుతుంది, అది బీరు తప్పు కాదు, మా వరస తప్పు. కోడి వేపుడు తిన్న పూట గోధుమ బీరు తాగాలి. ఐపీఏకి ఏ చిప్సో, చీజో చాలు.

ఇంకో చోట, ఇంకెవరూ లేని సమయంలో బ్రూవింగ్ చూసుకునే ఆయన్ని మాటల్లోకి దించితే రెండు గుప్పెళ్ల మాల్టు తెచ్చి చేతిలో పోశాడు. మన రాగి మాల్టులో ఉన్న మాల్టే ఇదీ. గింజని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టడం. కాకపోతే రాగికి బదులు బార్లీ, గోధుమ. లేత రంగుది నమిలితే గ్లూకోజ్ బిస్కెట్టు. నల్లగా వేయించింది నమిలితే మాడిన కాఫీ గింజ. దీన్ని 65 డిగ్రీల వేడినీళ్లలో నానబెడితే పిండి చక్కెరగా మారుతుంది, ఆ చక్కెరని ఈస్టు తింటుంది. మిగిలిన పిప్పి పశువుల దాణాకి పోతుందట. మా బావమరిదికి ఇంట్లో రెండు గేదెలున్నాయి. ఆ రోజు వాడు బ్రూవరీ గురించి అడిగిన ఒకే ఒక్క సీరియస్ ప్రశ్న: "కిలో ఎంత?"

సాయంత్రం సామాను తీసుకుని వైట్‌ఫీల్డ్ మెట్రో ఎక్కాం. 2023 అక్టోబరులో ఆ లైను పూర్తిగా కలిశాక ఈ ప్రయాణం తేలికైంది. చుట్టాలింటికి పోయే ముందు విండ్‌మిల్స్ అనే బ్రూవరీలో ఆగాం. పుస్తకాల అరలు, లోపల జాజ్ కచేరీలకి ఒక థియేటర్. కచేరీకి టికెట్ విడిగా కొనాలి, మేం కొనలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా శాక్సఫోన్ కొంచెం బయటికొచ్చింది, అది చాలు. తాగింది ఒక్కొక్క స్టౌట్. నల్లగా, పైన మీగడ లాంటి నురగ, చేదు కాఫీ రుచి. కుటుంబంతో వెళ్లదగిన చోటు ఈ మూడు రోజుల్లో ఇదొక్కటే చూశాను. మాటలు వినపడతాయి, భోజనం బాగుంది, ఎవరూ తొందరపెట్టరు. మళ్లీ వెళ్తే టాయిట్‌కి పగలు, ఇక్కడికి రాత్రి వెళ్తాను. మారతహళ్లిలో ఐరన్‌హిల్ బ్రూవరీ అతి పెద్దదని విని వదిలేశాం. విశాఖ, విజయవాడ వాళ్లకి ఆ పేరు ఎలాగూ తెలుసు.

హైదరాబాద్‌లో లేవా అంటే ఉన్నాయి. తెలంగాణ 2015లో అనుమతులిచ్చాక జూబ్లీహిల్స్, గచ్చిబౌలిలో చాలానే వచ్చాయి, గోధుమ బీరు మనవాళ్లూ బాగానే చేస్తున్నారు. కానీ మధ్యాహ్నం మూడింటికి ఒక్కడే వచ్చి, ఒక్క గ్లాసు తాగి, పేపరు చదువుకుని వెళ్లిపోయే పెద్దాయన నాకు బెంగళూరులోనే కనపడ్డాడు.

ఆదివారం గృహప్రవేశం. భోజనాల బంతిలో వడ్డించే ఆయన చారు పోస్తూ వచ్చాడు. మా బావమరిది దొన్నె ఎత్తి, వాసన చూసి, నా వైపు తిరిగాడు. పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. వాడేమీ అనలేదు. ఇంకొంచెం పొయ్యమన్నాడు.